ఫ్రాన్సిస్ డబ్ల్యు. డేవిస్

ఫ్రాన్సిస్ డబ్ల్యు. డేవిస్ (ఆగష్టు 19, 1887 - ఏప్రిల్ 16, 1978) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఇంజనీరు, ఆవిష్కర్త. మోటారు వాహనాలలో నేడు సర్వసాధారణమైన పవర్ స్టీరింగుకు ఆచరణయోగ్యమైన రూపం కల్పించినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు. ద్రవపీడనంతో పనిచేసే తన స్టీరింగు పరికరాన్ని 1926లో కారుకు అమర్చి నడిపి చూపించాడు. అయితే అది సాధారణ కొనుగోలుదారునికి అందుబాటులోకి వచ్చింది 1951లో మాత్రమే. ఈ పాతికేళ్ళ నిరీక్షణ డేవిస్ జీవితంలో ప్రధాన ఘట్టం. ఆయన ఆవిష్కరణ ప్రతి కారులోనూ చోటుచేసుకున్న తరువాత, పాత అమెరికన్ "మజిల్ కార్ల" అభిమానులు కొందరు దానిని తొలగించి మళ్ళీ మాన్యువల్ స్టీరింగుకు, మాన్యువల్ బ్రేకులకు మారడం ఈ చరిత్రలో ఒక ఆసక్తికరమైన మలుపు.

తొలి జీవితం

డేవిస్ 1887 ఆగష్టు 19న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఫిలడెల్ఫియా నగరానికి చెందిన జర్మన్‌టౌన్‌లో జన్మించాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి పట్టభద్రుడయ్యాడు. ఆ కాలానికి అమెరికాలో మోటారు వాహన పరిశ్రమ ఇంకా శైశవ దశలో ఉంది. హెన్రీ ఫోర్డ్ మోడల్ టి కారును 1908లోనే విడుదల చేశాడు. వందలాది చిన్న సంస్థలు కార్లు తయారుచేస్తూ ఒకదానితో ఒకటి పోటీపడుతున్నాయి. యంత్రాలమీద ఆసక్తి ఉన్న యువ ఇంజనీర్లకు ఈ కొత్త పరిశ్రమ సహజంగానే ఆకర్షణీయమైన గమ్యం అయింది.

పియర్స్-యారో సంస్థలో

డేవిస్ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో గల పియర్స్-యారో మోటారు కార్ కంపెనీలో చేరాడు. అది ఆనాటి అమెరికాలో అత్యంత ఖరీదైన కార్లను తయారుచేసే సంస్థలలో ఒకటి. 1909లో అమెరికా అధ్యక్ష భవనం మొదటిసారిగా అధికారిక వాహనాలను సమకూర్చుకున్నప్పుడు వాటిలో పియర్స్-యారో కార్లు కూడా ఉన్నాయి. ముందు చక్రాలమీది రెక్కలలోనే దీపాలను అమర్చడం ఈ కార్ల ప్రత్యేక గుర్తు. కార్లతోపాటు ఈ సంస్థ బరువైన ట్రక్కులను కూడా తయారుచేసేది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ట్రక్కులు ఐరోపాలోని మిత్రరాజ్యాల సైన్యాలకు సరఫరా అయ్యాయి.

డేవిస్ ఈ సంస్థలోని ట్రక్కు విభాగానికి ముఖ్య ఇంజనీరు స్థాయికి ఎదిగాడు. ఇక్కడి అనుభవమే అతని జీవిత గమ్యాన్ని నిర్ణయించింది. ఐదు టన్నుల బరువు మోసే ట్రక్కును ఆనాటి గతుకుల రోడ్ల మీద నడపడం డ్రైవరుకు శారీరకంగా కఠినమైన పని. ముందు చక్రం గుంటలో పడినప్పుడు ఆ దెబ్బ నేరుగా స్టీరింగు చక్రానికి చేరేది. ఒక్కోసారి చక్రం డ్రైవరు చేతులనుండి జారిపోయి వాహనం అదుపు తప్పేది. కాబట్టి డేవిస్ దృష్టిలో ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు, ప్రాణభద్రతకు సంబంధించిన విషయం.

స్టీరింగు సమస్య

డేవిస్ ఎదుర్కొన్న సమస్యను అర్థం చేసుకోవడానికి స్టీరింగు నిష్పత్తి అనే భావన తెలియాలి. రోడ్డు మీది చక్రం ఒక డిగ్రీ తిరగడానికి డ్రైవరు చేతిలోని చక్రం ఎన్ని డిగ్రీలు తిరగాలో ఈ నిష్పత్తి తెలుపుతుంది. నిష్పత్తి ఎక్కువైతే డ్రైవరు పెట్టవలసిన బలం తగ్గుతుంది, కానీ చక్రాన్ని ఎక్కువ చుట్లు తిప్పవలసి వస్తుంది. నిష్పత్తి తక్కువైతే వాహనం వెంటనే మలుపు తిరుగుతుంది, కానీ బలం ఎక్కువ కావాలి. గేర్ల అమరికను ఎంత మార్చినా ఈ రెండింటిలో ఒకదానిని వదులుకోక తప్పదు.

1920లలో ఈ సమస్య ఇంకా తీవ్రమైంది. పైకప్పు, అద్దాలు గల మూసిన కార్లు ప్రచారంలోకి వచ్చి వాహనాల బరువు పెరిగింది. 1923 తరువాత తక్కువ గాలి పీడనంతో, వెడల్పుగా ఉండే "బెలూన్ టైర్లు" వచ్చాయి. ఇవి ప్రయాణాన్ని మెత్తగా చేసినా, రోడ్డును ఎక్కువ వైశాల్యంలో తాకడం వలన స్టీరింగు బరువెక్కింది. ముఖ్యంగా ఆగి ఉన్న కారు చక్రాలను తిప్పడం చాలా కష్టమయ్యేది. తయారీదారులు నిష్పత్తిని పెంచుకుంటూ పోవడం తప్ప వేరే మార్గం చూడలేకపోయారు.

స్టీరింగుకు యంత్రశక్తిని జోడించాలన్న ఆలోచన డేవిస్‌తో మొదలు కాలేదు. 1900లో పిట్స్‌బర్గ్‌కు చెందిన రాబర్ట్ ట్వైఫోర్డ్ యంత్రశక్తితో పనిచేసే స్టీరింగుకు పేటెంటు పొందాడు. 1903లో కొలంబియా అనే విద్యుత్ ట్రక్కులో స్టీరింగు కోసం ప్రత్యేక మోటారును అమర్చారు. కానీ ఇవేవీ సాధారణ వినియోగానికి నిలబడలేదు.

వాల్తామ్ కార్ఖానా

1920ల తొలినాళ్ళలో డేవిస్ స్థిరమైన ఉద్యోగాన్ని వదిలి స్వతంత్రంగా పరిశోధన చేయడానికి పూనుకున్నాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తామ్ పట్టణంలో చిన్న కార్ఖానాను అద్దెకు తీసుకున్నాడు. వాల్తామ్ గడియారాల పరిశ్రమకు పేరొందిన ఊరు. సూక్ష్మమైన లోహపు పని తెలిసిన నిపుణులకు అక్కడ కొదవ లేదు. పనిముట్ల తయారీలో నిపుణుడైన జార్జ్ జెసప్ ఆయనకు సహాయకుడిగా చేరాడు.

గాలి, విద్యుత్తు, ద్రవం అనే మూడు మార్గాలలో డేవిస్ ద్రవపీడనాన్ని ఎంచుకున్నాడు. చిన్న స్థలంలో పెద్ద బలాన్ని పుట్టించగలగడం, ఆలస్యం లేకుండా స్పందించడం ద్రవానికి ఉన్న అనుకూలతలు. అయితే ఆనాడు కర్మాగారాలలో వాడే ద్రవపీడన యంత్రాలలో నూనెను ఎల్లవేళలా అధిక పీడనంలో నిలువ ఉంచేవారు. కవాటం తెరిచినప్పుడు ఆ పీడనం పనిలోకి వచ్చేది. ఇలా నిరంతరం పీడనంలో ఉండటం వలన అతుకుల వద్ద నూనె కారేది, పంపుకు విశ్రాంతి ఉండేది కాదు. కుదుపుల మధ్య తిరిగే వాహనానికి ఈ పద్ధతి పనికిరాదు.

డేవిస్ ఈ పద్ధతిని తలక్రిందులు చేశాడు. అవసరం లేనప్పుడు కవాటం మూసి ఉండటానికి బదులు తెరిచి ఉండాలన్నది ఆయన ఆలోచన. అప్పుడు నూనె పీడనం లేకుండా ఊరికే ప్రవహిస్తూ ఉంటుంది. డ్రైవరు చక్రాన్ని తిప్పినప్పుడు మాత్రమే కవాటం కొద్దిగా మూసుకొని పీడనం పుడుతుంది. ఈ ఒక్క మార్పుతో కారడం, వేడెక్కడం, శక్తి వృథా కావడం అనే మూడు చిక్కులూ చాలావరకు తొలగిపోయాయి. ఈ పరికరానికి సంబంధించి ఆయన 1926లో చేసుకున్న దరఖాస్తుకు 1931లో పేటెంటు లభించింది.

పరికరం పనిచేసే విధానం

డేవిస్ పద్ధతిలోని ప్రధాన భాగాలు ఇవి:

* ఇంజనుతో పాటు తిరుగుతూ నూనెను నిరంతరం ప్రవహింపజేసే పంపు
* నూనె నిలువ ఉండే తొట్టి
* స్టీరింగు దండంతో కలిసి కదిలే కవాటం
* రెండు వైపుల నుండి నూనె ప్రవేశించగల సిలిండరు, దానిలో ముషలకం

కారు నేరుగా పోతున్నప్పుడు కవాటం మధ్యస్థానంలో ఉంటుంది. పంపు నుండి వచ్చిన నూనె ముషలకానికి ఇరువైపులా సమానంగా చేరి తిరిగి తొట్టిలోకి పోతుంది. డ్రైవరు చక్రాన్ని ఒక వైపు తిప్పితే కవాటం వెంట్రుకవాసి జరిగి ఒక దారి ఇరుకవుతుంది. ఆ వైపు పీడనం పెరిగి ముషలకాన్ని నెడుతుంది. ముషలకం చక్రాలను తిప్పుతుంది. చక్రాలు డ్రైవరు కోరినంత తిరిగేసరికి కవాటం తనంతట తానే మధ్యస్థానానికి వచ్చి సహాయం ఆగిపోతుంది.

ఈ అమరికలో రెండు భద్రతా గుణాలు ఉన్నాయి. మొదటిది, గుంటలో పడిన చక్రం ఎదురు తన్నినప్పుడు సిలిండరులోని నూనె ఆ దెబ్బను అడ్డుకుంటుంది. రెండవది, పంపు చెడిపోయినా, బెల్టు తెగినా స్టీరింగు దండానికి, చక్రాలకు మధ్య లోహపు సంబంధం తెగిపోదు. డ్రైవరు తన కండబలంతో వాహనాన్ని తిప్పుకోగలడు.

డెట్రాయిట్ ప్రదర్శన

డేవిస్ తన పరికరాన్ని 1921 నాటి పియర్స్-యారో కారుకు అమర్చి, 1926లో మోటారు పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్ నగరానికి తీసుకువెళ్ళాడు. ప్యాకార్డ్, జనరల్ మోటార్స్ సంస్థల అధికారులకు నడిపి చూపించాడు. బరువైన కారును ఆగి ఉన్న చోటనే వేలి కొనలతో తిప్పగలగడం చూసినవారిని ఆశ్చర్యపరచింది. చివరకు జనరల్ మోటార్స్ ఆయనతో ఒప్పందం కుదుర్చుకుంది.

ఆ తరువాతి సంవత్సరాలలో డేవిస్ ఆ సంస్థ ఇంజనీర్లతో కలిసి పరికరాన్ని మెరుగుపరచాడు. ప్రయోగశాలలో నిలబడిన యంత్రం కర్మాగారంలో వేల సంఖ్యలో తయారు కావాలంటే ప్రతి భాగాన్నీ మళ్ళీ రూపొందించవలసి ఉంటుంది. 1930ల మొదట్లో క్యాడిలాక్ కార్లలో దీనిని ప్రవేశపెట్టాలని ఆలోచన జరిగింది.

మాంద్యం, ఒప్పందం రద్దు

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ఈ ఆశలను వమ్ము చేసింది. ఖరీదైన కార్ల అమ్మకాలు పడిపోయాయి. కొత్త పరికరానికి అవసరమైన అచ్చులకు, యంత్రాలకు అయ్యే ఖర్చును కొద్ది సంఖ్యలో అమ్ముడయ్యే క్యాడిలాక్ కార్ల మీద పంచితే ఒక్కో కారు మీద భారం చాలా ఎక్కువ అవుతుందని సంస్థ లెక్కవేసింది. పరికరంలో సాంకేతిక లోపం ఏదీ లేకపోయినా, 1934లో జనరల్ మోటార్స్ ఒప్పందాన్ని రద్దు చేసింది.

ఇక్కడ కాలం కూడా డేవిస్‌కు శత్రువైంది. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పేటెంటు మంజూరైన నాటి నుండి 17 సంవత్సరాలు మాత్రమే చెల్లుతుంది. 1931లో పొందిన పేటెంటు 1948కి ముగిసిపోతుంది. ఒక్క పరికరం కూడా బజారులో అమ్ముడు కాకముందే గడువు కరిగిపోవడం మొదలైంది. పియర్స్-యారో సంస్థ కూడా మాంద్యాన్ని తట్టుకోలేక 1938లో మూతపడింది.

బెండిక్స్, రెండవ ప్రపంచ యుద్ధం

1936లో డేవిస్ బ్రేకుల తయారీలో పేరుపొందిన బెండిక్స్ సంస్థతో చేయి కలిపాడు. తయారైన కొద్ది పరికరాలలో రెండింటిని జనరల్ మోటార్స్ కొని బ్యూక్ కార్లలో పరీక్షించింది. అయినా కార్ల తయారీదారులు ముందుకు రాలేదు. స్టీరింగు బరువుగా ఉన్నా జనం కార్లు కొంటూనే ఉన్నారు గనుక అదనపు ఖర్చుకు కారణం కనిపించలేదు.

రెండవ ప్రపంచ యుద్ధంతో పరిస్థితి మారింది. ఉక్కు కవచంతో కూడిన సైనిక వాహనాల ముందు చక్రాల మీద పడే బరువు సాధారణ డ్రైవరు శక్తికి మించినది. యుద్ధరంగంలో డ్రైవరు అలసిపోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. బ్రిటిష్, అమెరికన్ సైన్యాలు వాడిన సాయుధ వాహనాలకు, చెడిపోయిన ట్యాంకులను లాగే బరువైన వాహనాలకు డేవిస్ పద్ధతిలో పవర్ స్టీరింగు అమర్చారు. యుద్ధం ముగిసేనాటికి వేలాది వాహనాలలో ఇది పనిచేసింది. ట్రక్కు డ్రైవర్ల కష్టం చూసి మొదలుపెట్టిన పరిశోధన చివరకు బరువైన వాహనాలలోనే తొలిసారిగా రుజువు కావడం గమనార్హం.

క్రైస్లర్, ఆలస్యంగా వచ్చిన విజయం

యుద్ధానంతరం అమెరికాలో కార్లు మరింత పెద్దవి, బరువైనవి అయ్యాయి. 1951లో క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో "హైడ్రాగైడ్" పేరుతో పవర్ స్టీరింగును ప్రవేశపెట్టింది. సాధారణ ప్రజలకు అమ్మిన కార్లలో ద్రవపీడన పవర్ స్టీరింగు రావడం ఇదే మొదటిసారి. ఇందుకు ఆధారం గడువు తీరిన డేవిస్ పేటెంట్లు. గడువు తీరిన పేటెంటును వాడుకోవడానికి ఆవిష్కర్త అనుమతి గానీ, అతనికి ప్రతిఫలం చెల్లించడం గానీ అవసరం లేదు. ఆ విధంగా పాతికేళ్ళ శ్రమకు మొదటి ఫలితం ఇతరుల చేతికి వెళ్ళింది.

అయితే ఈ పరిణామమే డేవిస్‌కు మేలు కూడా చేసింది. పోటీదారు ముందంజ వేయడంతో జనరల్ మోటార్స్ తొందరపడింది. ఒకప్పుడు ఒప్పందం రద్దు చేసుకున్న ఆ సంస్థ మళ్ళీ డేవిస్‌ను ఆశ్రయించి కొత్త ఒప్పందం చేసుకుంది. 1952లో క్యాడిలాక్ కార్లలో పవర్ స్టీరింగు లభించింది. జనరల్ మోటార్స్‌కు చెందిన సాగినా స్టీరింగు విభాగం దీనిని పెద్ద ఎత్తున తయారుచేసింది. కొద్ది సంవత్సరాలలోనే అమెరికాలోని ప్రధాన సంస్థలన్నీ ఈ సౌకర్యాన్ని అందించసాగాయి.

రెండు సంస్థల పరికరాల స్వభావంలో తేడా ఉండేది. జనరల్ మోటార్స్ పద్ధతిలో డ్రైవరు చక్రం మీద కొద్దిపాటి బలం ప్రయోగించిన తరువాతనే యంత్రసహాయం అందేది. దీనివలన రోడ్డు స్పర్శ కొంత మిగిలేది. క్రైస్లర్ పద్ధతిలో సహాయం దాదాపు ఎల్లవేళలా అందడం వలన చక్రం మరీ తేలికగా ఉండి, రోడ్డు సంగతి చేతులకు తెలియదన్న విమర్శ ఉండేది. ఈ విమర్శే తరువాతి కాలంలో మాన్యువల్ స్టీరింగు అభిమానుల వాదనకు మూలం అయింది.

మరణం

డేవిస్ దీర్ఘాయుష్కుడు. తన ఆవిష్కరణ విలాస వస్తువు స్థాయి నుండి అమెరికాలోని అధిక శాతం కార్లలో సాధారణ భాగమయ్యేంతవరకు జీవించి చూడగలిగాడు. 1978 ఏప్రిల్ 16న 90 సంవత్సరాల వయసులో మరణించాడు.

మజిల్ కార్లు, మాన్యువల్ వైపు తిరుగు ప్రయాణం

1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ.తో మజిల్ కార్ల యుగం ఊపందుకుందని సాధారణంగా భావిస్తారు. మధ్యతరహా కారులో పెద్ద వి-8 ఇంజను అమర్చడం వీటి లక్షణం. షెవర్లే షెవెల్, డాడ్జ్ ఛార్జర్, ప్లిమత్ రోడ్ రన్నర్ మొదలైనవి ఈ కోవకు చెందినవి. వీటిలో చాలావాటికి మాన్యువల్ స్టీరింగు, మాన్యువల్ డ్రమ్ము బ్రేకులే మూల ధరలో వచ్చేవి. పవర్ స్టీరింగు, పవర్ బ్రేకులు అదనపు ధరకు లభించేవి.

ఈ పాత కార్లను పునరుద్ధరించే అభిమానులలో కొందరు పవర్ పరికరాలను తొలగిస్తారు. బరువు తగ్గించడం, ఇంజను చుట్టూ చోటు కల్పించడం, నూనె కారే గొట్టాలను వదిలించుకోవడం, పంపును తిప్పడానికి ఖర్చయ్యే ఇంజను శక్తిని మిగుల్చుకోవడం, రోడ్డు స్పర్శను తిరిగి పొందడం ఇందుకు చెప్పే కారణాలు.

స్టీరింగు మార్పిడి

పంపు బెల్టును తీసివేసినంత మాత్రాన పవర్ స్టీరింగు మాన్యువల్ స్టీరింగు కాదు. పవర్ పెట్టెలోని గేర్లు యంత్రసహాయం ఉంటుందన్న నమ్మకంతో తక్కువ నిష్పత్తికి రూపొందించినవి. 1960ల నాటి క్రైస్లర్ మధ్యతరహా కార్లలో మాన్యువల్ పెట్టె నిష్పత్తి 24:1 కాగా పవర్ పెట్టె నిష్పత్తి 15.7:1. అంటే బెల్టు తీసిన పవర్ పెట్టెను తిప్పడానికి మాన్యువల్ పెట్టె కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బలం కావాలి. దీనికితోడు సిలిండరులోని నూనెను కూడా డ్రైవరే నెట్టవలసి వస్తుంది. అందువలన పెట్టెను మొత్తంగా మార్చడమే సరైన పద్ధతి. మార్చిన తరువాత చక్రాన్ని ఒక చివరి నుండి మరొక చివరికి తిప్పడానికి మూడున్నర చుట్లకు బదులు ఐదుకు పైగా చుట్లు అవసరమవుతాయి.

పెట్టెతోపాటు గమనించవలసిన ఇతర అంశాలు:

* అనేక నమూనాలలో రెండు రకాల పెట్టెల పొడవు, దండం మందం వేరువేరుగా ఉంటాయి. కాబట్టి స్టీరింగు దండాన్ని కలిపే జాయింటును, కొన్ని కార్లలో పిట్‌మన్ ఆర్మ్‌ను కూడా మార్చాలి.
* ముందు చక్రాల క్యాస్టర్ కోణాన్ని మళ్ళీ సరిచేయాలి. పవర్ స్టీరింగు కార్లకు ఈ కోణం ఎక్కువగా ఉంచుతారు. అదే కోణంతో మాన్యువల్ స్టీరింగు చాలా బరువుగా ఉంటుంది. కోణం తగ్గిస్తే తేలికవుతుంది, కానీ మలుపు తరువాత చక్రం తనంతట తాను నేరుగా వచ్చే గుణం తగ్గుతుంది.
* ఇనుముతో చేసిన పెద్ద వి-8 ఇంజను, వెడల్పైన ముందు టైర్లు ఉన్న కారులో ఆగి ఉన్న చోట స్టీరింగు తిప్పడం కష్టం. కారు కొద్దిగా కదులుతున్నప్పుడు తిప్పడం అలవాటు చేసుకోవాలి.

బ్రేకుల మార్పిడి

పవర్ బ్రేకు చరిత్రలోనూ పియర్స్-యారో పేరు వినిపిస్తుంది. క్యాలెబ్ బ్రాగ్, విక్టర్ క్లీస్రాత్ రూపొందించిన శూన్యపీడన బూస్టరును 1928లో ఆ సంస్థ కార్లలో అమర్చారు. ఇంజను గాలి పీల్చుకునేటప్పుడు ఏర్పడే శూన్యపీడనాన్ని వాడుకొని పెడల్ బలాన్ని పెంచడం బూస్టరు పని. మజిల్ కార్లలో వేగం కోసం అమర్చే కామ్‌షాఫ్టుల వలన ఇంజను తక్కువ వేగంలో తిరిగేటప్పుడు ఈ శూన్యపీడనం బాగా పడిపోతుంది. బూస్టరుకు కావలసిన సహాయం అందక పెడల్ గట్టిపడుతుంది. మాన్యువల్ బ్రేకులకు మారడానికి ఇది ముఖ్య కారణం.

ఇక్కడ కూడా బూస్టరును తీసివేసి మిగిలిన భాగాలను అలాగే ఉంచడం ప్రమాదకరం. పెడల్ నిష్పత్తి, మాస్టర్ సిలిండరు వ్యాసం రెండూ మారాలి. పవర్ బ్రేకుకు పెడల్ నిష్పత్తి సుమారు 4:1, మాన్యువల్ బ్రేకుకు సుమారు 6:1 ఉంటుంది. ఒక ఉదాహరణ చూద్దాం. డ్రైవరు పెడల్ మీద 40 కిలోల బలం ప్రయోగించాడనుకుందాం.

* 4:1 పెడల్, 28.6 మి.మీ. సిలిండరు (వైశాల్యం 6.41 చ.సెం.మీ.): 160 కిలోల బలం, పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 25 కిలోలు
* 6:1 పెడల్, 25.4 మి.మీ. సిలిండరు (వైశాల్యం 5.07 చ.సెం.మీ.): 240 కిలోల బలం, పీడనం చదరపు సెంటీమీటరుకు సుమారు 47 కిలోలు

అదే కాలు, అదే బలం, కానీ పీడనం దాదాపు రెట్టింపు. దీనికి బదులుగా పెడల్ కూడా దాదాపు రెట్టింపు దూరం కదలవలసి ఉంటుంది. సిలిండరు మరీ చిన్నదైతే బ్రేకు పట్టకముందే పెడల్ నేలను తాకవచ్చు. 1960ల నాటి అనేక జనరల్ మోటార్స్ కార్లలో బ్రేకు పెడల్‌కు రెండు రంధ్రాలు ఉంటాయి. పైది మాన్యువల్ బ్రేకు కోసం, క్రిందిది పవర్ బ్రేకు కోసం ఉద్దేశించినవి.

మరొక జాగ్రత్త అత్యంత ముఖ్యమైనది. మాన్యువల్ మాస్టర్ సిలిండరులోని ముషలకానికి లోతైన గుంట ఉంటుంది. పెడల్ నుండి వచ్చే కడ్డీ ఆ గుంటలో నిలుస్తుంది. పవర్ సిలిండరులో ఈ గుంట తక్కువ లోతు గలది. తక్కువ లోతు గల సిలిండరుకు మాన్యువల్ కడ్డీని అమర్చితే అది ఎప్పుడైనా జారిపోయి బ్రేకు పూర్తిగా పోయే ప్రమాదం ఉంది. అలాగే 1967కు ముందటి అనేక కార్లలో ఒకే గది గల మాస్టర్ సిలిండరు ఉండేది. ఎక్కడ గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ పోయేవి. మార్పిడి చేసేటప్పుడు రెండు గదుల సిలిండరును అమర్చడం క్షేమకరం.

డ్రమ్ము బ్రేకులలో చక్రం తిరిగే వేగమే బ్రేకు షూను మరింతగా డ్రమ్ముకు నొక్కుతుంది. డిస్కు బ్రేకులకు ఈ గుణం లేదు. కాబట్టి ముందు డిస్కు బ్రేకులు ఉన్న కారుకు బూస్టరు తొలగించినప్పుడు పెడల్ బలం గణనీయంగా పెరుగుతుంది. వృద్ధులకు, కీళ్ళ నొప్పులు ఉన్నవారికి ఇటువంటి కారు నడపడం కష్టం.

వారసత్వం

డేవిస్ రూపొందించిన తెరిచిన కవాటం సూత్రం అర్ధశతాబ్దం పైగా ప్రపంచవ్యాప్తంగా కార్లను ఏలింది. 1988లో జపాన్‌కు చెందిన సుజుకి సంస్థ తన సెర్వో కారులో విద్యుత్ పవర్ స్టీరింగును ప్రవేశపెట్టింది. ఇంధనం ఆదా అవుతుండటంతో కార్లలో క్రమంగా విద్యుత్ పద్ధతి ద్రవపీడన పద్ధతిని వెనుకకు నెట్టింది. బరువైన ట్రక్కులు, బస్సులలో మాత్రం ద్రవపీడన పద్ధతి విస్తృతంగా కొనసాగుతున్నది.

భారతదేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లు చాలాకాలం మాన్యువల్ స్టీరింగుతోనే నడిచాయి. 1983లో వచ్చిన మారుతి 800 కూడా మాన్యువల్ స్టీరింగుదే. అయితే అది తేలికైన కారు కావడంతో పెద్దగా ఇబ్బంది ఉండేది కాదు. పాత లారీల పెద్ద స్టీరింగు చక్రాన్ని రెండు చేతులతో లాగి తిప్పిన డ్రైవర్లకు డేవిస్ బఫెలోలో గమనించిన కష్టం పరిచితమే.

పాత మజిల్ కారు నుండి పవర్ స్టీరింగును తొలగించే అభిమాని వారాంతంలో సరదాకు నడిపేవాడు. డేవిస్ దృష్టిలో ఉన్నది రోజంతా ఐదు టన్నుల బరువుతో రోడ్డు మీద ఉండే డ్రైవరు. డేవిస్ పరికరంలో పంపు ఆగిపోయినా నిలిచే లోహపు సంబంధం మనిషి చేతిని స్టీరింగు నుండి పూర్తిగా వేరుచేయలేదు. స్టీరింగు సహాయం విఫలమైనా కారు డ్రైవరు అదుపులో ఉండాలన్న నియమం తరువాతి పద్ధతులలోనూ కొనసాగింది.

ఇవి కూడా చూడండి

* పవర్ స్టీరింగు
* ద్రవపీడన యంత్రాలు
* పియర్స్-యారో
* డిస్కు బ్రేకు
* మజిల్ కారు